బఠాణీ కుండీల మీద గంధకం

ప్రతి నెలా మొదటి ఆదివారం మా గుడిలో సంస్కారం, అంటే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఇచ్చే ముందు పాస్టరుగారు, ఎవరిని వారు పరీక్షించుకోండి అని ఒక నిమిషం ఆగుతారు. ఆ నిమిషం నాకు చాలదు. దాదాపు నలభై ఏళ్ళుగా చాలడం లేదు. మోకాళ్ళ మీద నుంచి అందరికంటే ఆలస్యంగా లేస్తాను కాబట్టి నాకు భక్తి ఎక్కువని సంఘంలో పేరు. భక్తి కాదు. ఒక పని చేశాను. ఎవరికీ చెప్పలేదు. దాని బరువు ఇన్నేళ్ళలో పెరగలేదు, తగ్గలేదు. పొద్దున నేను లేచేసరికి నాకంటే ముందే లేచి కూర్చుని ఉంటుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పాలని కొన్నిసార్లు బయలుదేరాను, దారిలోనే వెనక్కి తిరిగాను. మీ ముఖం నాకు కనబడదు గనక మీకు చెప్పగలనేమో. నా పేరు రాయను. మిగతావాళ్ళ పేర్లు మార్చాను. ఇది ధైర్యం కాదని నాకూ తెలుసు. జరిగింది మాత్రం మార్చలేదు.

ఎనభైల నడుమ నేను గుంటూరులో ఒక కాలేజీలో, వృక్షశాస్త్ర విభాగంలో డెమాన్‌స్ట్రేటరుగా ఉండేదాన్ని. తాత్కాలిక ఉద్యోగం. వేసవిలో తీసేసి, కాలేజీ తెరిచాక మళ్ళీ వేసుకునేవారు. వేసుకుంటారో లేదో ముందుగా ఎవరూ చెప్పేవారు కాదు. నల్లపాడు నుంచి రోజూ వచ్చి వెళ్ళేదాన్ని. మా అమ్మా నాన్నా మిరప చేలల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. మా వీధిలో ఎమ్మెస్సీ దాకా చదివింది నేనొక్కదాన్నే. ఆడపిల్లకు ఇంత చదువు ఎందుకని మా నాన్న అన్నప్పుడల్లా ఇంటికొచ్చి, ఆయనను ఒప్పించి నన్ను చదివించింది దేవదానం మాస్టారు.

మాస్టారిని మీకు చూపించాలి. లేకపోతే నేను చేసింది ఎంత చెడ్డదో మీకు తెలియదు. సన్నగా, పొడుగ్గా, ఉతికిన పంచె మీద తెల్ల చొక్కాతో ఉండేవారు. వినుకొండ వైపు పల్లెల్లో పాతికేళ్ళకు పైగా పిల్లలకు చదువు చెప్పి, రిటైరయ్యాక మా వీధిలో చిన్న ఇల్లు తీసుకున్నారు. భార్య పోయింది. పిల్లలు లేరు. ఆయన దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో వేలెడంత సీసాలు, సీసాల నిండా తియ్యటి తెల్ల మాత్రలు. పొద్దున్నే ఆయన అరుగు మీద చంటిపిల్లలతో తల్లులు, దగ్గుతూ ముసలివాళ్ళు కూర్చుని ఉండేవారు. హోమియో మందు ఊరికే ఇచ్చేవారు. మా అమ్మ ఉబ్బసానికి ఏళ్ళ తరబడి ఆయనదే మందు. అది మాత్రలకు తగ్గేదో, ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా నాలుగు మాటలు మాట్లాడితే తగ్గేదో నేను చెప్పలేను. తగ్గేది. మాకు అంతే కావాలి.

ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. మనిషికి పనిచేసే మందు మొక్కకు ఎందుకు పనిచెయ్యదు? ఆ రోజుల్లో పత్తి మీదా మిరప మీదా పురుగుమందులు కొట్టడం విపరీతంగా పెరిగింది. కొట్టేది కూలివాళ్ళు. ఆయన దగ్గర పలక పట్టుకుని అక్షరాలు దిద్దినవాళ్ళే ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా వీపుకు డబ్బా తగిలించుకుని విషం చల్లుతూ తిరిగేవాళ్ళు. కళ్ళు తిరిగి చాళ్ళలో పడిపోయినవాళ్ళను ఆయన చూశారు. ముందు తెగుళ్ళు, తర్వాత పురుగులు, అన్నిటికీ బిందెడు నీళ్ళలో నాలుగు చుక్కలు కలిపి చల్లితే చాలనే రోజు వస్తే వాళ్ళంతా బతికిపోతారని ఆయన ఆశ. పేరు కోసం కాదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

మా హెడ్ గారికి హోమియో మీద నమ్మకం లేదు. అయినా మాస్టారు వచ్చి అడిగితే కొట్టిపారేయలేదు. "వాదించుకోవడం ఎందుకండీ, మొక్కలు పెంచి చూద్దాం" అన్నారు. బఠాణీ ఎంచుకున్నది ఆయనే. మా వైపు బఠాణీ ఎవరూ పండించరు. కానీ చలికాలంలో కుండీల్లో వస్తుంది, దానికి బూడిద తెగులు ఇట్టే అంటుకుంటుంది. ఆకు మీద ముందు పిండి చల్లినట్టు తెల్ల మచ్చ, తర్వాత ఆకంతా బూడిద, ఆ తర్వాత ఎండిపోవడం. బూజు జాతి తెగులు. మినుముకూ మిరపకూ వచ్చేది ఇలాంటిదే. కుండీలో ఏదైనా తేలితే అప్పుడు చేలో చూడవచ్చన్నారు.

కాలేజీ వెనక గోడ పక్కన పందిరి కింద నలభై కుండీలు పెట్టాం. సగానికి మాస్టారి మందు కలిపిన నీళ్ళు, సగానికి ఉత్త నీళ్ళు. ఏ నంబరు కుండీకి ఏది చల్లుతున్నానో నాకొక్కదానికే తెలుసు. ఆ పట్టీ రాసి కవరులో పెట్టి అంటించి హెడ్ గారి బీరువాలో పెట్టాం. వారానికోసారి వచ్చి ఆకులు చూసి మార్కులు వేసేది హెడ్ గారు. ఏది ఏదో తెలిస్తే కన్ను మోసపోతుందని ఆయన తనకు తానే పెట్టుకున్న నియమం అది. నాకు మాత్రం ఏ నియమమూ పెట్టలేదు. నన్ను నమ్మారు.

మాస్టారు ఎంచిన మందు గంధకం. దాన్ని నీళ్ళలోనూ స్పిరిట్‌లోనూ పలచన చేసి, మళ్ళీ పలచన చేసి, ప్రతిసారీ సీసాను అరచేతికేసి కొడుతూ కుదిపి, చివరికి అందులో గంధకం రవ్వంత కూడా లేనంత దాకా తీసుకుపోయేవారు. "పదార్థం పోతుందమ్మా, దాని శక్తి మిగులుతుంది" అనేవారు. రైతులు బూడిద తెగులుకు చల్లేదీ గంధకమే. కాకపోతే అది బస్తాల్లో వచ్చే అసలు గంధకం, పసుప్పచ్చటి పొడి.

మొదటిసారి నలభై కుండీలకూ బూడిద పట్టింది. తేడా ఏమీ లేదు. హెడ్ గారు కవరు విప్పి చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మాస్టారు కుండీల ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నారు. ఒక ఆకు తుంచి వెనక్కి తిప్పి చూశారు. వేళ్ళకు అంటిన బూడిదను తుడుచుకోలేదు. "నేనే సరిగ్గా కుదిపి ఉండనమ్మా. ఇంకొక్కసారి చూద్దాం. ఈసారీ కాకపోతే వదిలేద్దాం" అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా నేను ఎప్పుడూ వినలేదు.

ఆ వారంలోనే హెడ్ గారు స్టాఫ్ రూములో నాతో మరో మాట అన్నారు. వచ్చే ఏడాది ఒక పర్మనెంటు పోస్టు వస్తుందట. ఈ ప్రయోగంలో ఏదైనా తేలి ఉంటే నా పేరుతో ఒక వ్యాసం వచ్చేదట, అది చూపించి కమిటీ ముందు నా తరఫున గట్టిగా మాట్లాడగలిగేవారట. ఆశ పెట్టడానికి అనలేదు. నా మీద జాలితో అన్నారు.

జాలితో చేశానా, ఉద్యోగం కోసం చేశానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. యాభై ఏళ్ళు వచ్చేదాకా జాలి అనే చెప్పుకున్నాను. ముసలాయన మొహం చూడలేకపోయాను, అంతే అనుకున్నాను. ఇప్పుడు అలా చెప్పుకోలేను. మాస్టారి మొహం నా కళ్ళ ముందు ఉన్న మాట నిజం. కానీ దాని వెనకాలే స్టాఫ్ రూములో నాకు ఇంకా దక్కని కుర్చీ కూడా ఉంది. రెండింటినీ విడదీయడం నా వల్ల కాలేదు. బహుశా జాలిని ముందు పెట్టుకుని దాని చాటున నడిచానేమో.

క్రిస్మస్ వెళ్ళాక రెండోసారి విత్తనాలు వేశాం. మొక్కలు జానెడు ఎదిగాయి. తెగులు పట్టిన ఆకులు తెచ్చి వాటి మీద దులిపాం. ఆ తర్వాతి ఆదివారం, గుంటూరులో స్నేహితురాలి గుడికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి బయలుదేరాను. చేతిసంచిలో బైబిలు ఉంది. దాని కింద నీళ్ళలో కలిసే గంధకం పొట్లం ఉంది. కాలేజీలో ఎవరూ లేరు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పొడిని నీళ్ళలో కలిపి, గుడ్డతో వడగట్టి, మందు కుండీలకు మాత్రమే, ఆకుల కింది వైపు పలచగా కొట్టాను. దూరంగా ఏదో గుడిలో పాట వినిపిస్తోంది. నాకు వచ్చిన పాటే.

చేతులు వణికాయని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. వణకలేదు. పిల్లలకు ప్రాక్టికల్ చూపించేటప్పుడు ఎంత శ్రద్ధగా చేస్తానో అంత శ్రద్ధగా చేశాను. ఒక్క ఆకు వదల్లేదు. మాస్టారి మందూ గంధకమే, నేను చల్లుతున్నదీ గంధకమే, కాస్త చిక్కగా ఇస్తున్నానంతే అనుకున్నాను. చదువుకున్న మనిషి తనను తాను ఎంత తేలికగా మభ్యపెట్టుకోగలదో ఆ పూట తెలిసింది. అలా మూడు ఆదివారాలు వెళ్ళాను.

ఒక సోమవారం హెడ్ గారు పందిరి కింద ఆగి, "అగ్గిపుల్ల గీసిన వాసనలా లేదూ?" అన్నారు. పక్కనే కెమిస్ట్రీ ల్యాబు ఉంది కదండీ అన్నాను. ఆయన తలూపి మార్కులు వేసుకుంటూ వెళ్ళిపోయారు.

నెల తిరిగేసరికి సగం కుండీలు బూడిద, సగం కుండీలు పచ్చగా. కవరు విప్పారు. హెడ్ గారు పట్టీని రెండుసార్లు సరిచూసుకున్నారు. నమ్మలేకపోతున్నాననీ, అలాగని కళ్ళ ముందున్నదాన్ని కాదనలేననీ అన్నారు. మాస్టారు అక్కడే కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, "ప్రభువా, ఈ చేతుల్ని దీవించు" అన్నారు. ఆ చేతులతోనే ఇప్పుడు మీకు ఇది రాస్తున్నాను.

వ్యాసం వచ్చింది. ఒక సభలో చదివాను. చప్పట్లు కొట్టారు. జూన్‌లో నా ఉద్యోగం పర్మనెంటయింది. రైతులకు చెప్పే ముందు చేలో రెండు పంటకాలాలు పరీక్షించాలని హెడ్ గారు పదే పదే అన్నారు. మాస్టారు ఆగలేదు. నేను ఆగమని చెప్పలేదు. చెప్పి ఉంటే నా మాట వినేవారు. నా మాటంటే ఆయనకు అంత గురి. కానీ ఆగమంటే ఎందుకని అడుగుతారు. ఆ ఎందుకు అన్న మాటకు భయపడ్డాను.

వినుకొండకు కొంత దూరంలో ఒక పల్లెలో యేసురత్నం అని ఆయన పాత శిష్యుడు ఉండేవాడు. అయిదో తరగతి దాకా చదివి కూలికి వెళ్ళినవాడు. ఆ ఏడాదే మొదటిసారిగా రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. వాళ్ళ వాడలో ఒకరి చేలో కూలి చెయ్యకుండా సొంతంగా పైరు పెట్టినవాడు అతనే. డిసెంబరులో మాస్టారు నన్ను వెంటబెట్టుకుని పాసింజరు రైల్లో వెళ్ళారు. చేను చూశాం. నడుమెత్తు మొక్కలు, నల్లటి ఆకు, గుత్తులుగా కాయ. అక్కడక్కడ ఆకు వెనక తెల్లగా పొడి మొదలైంది. మాస్టారు సీసా తీసి, బిందెల్లో ఎలా కలపాలో, ఎన్నిసార్లు కుదపాలో యేసురత్నానికి చూపిస్తున్నారు. అతను బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని వింటున్నాడు. గంధకం పొడి చల్లితే మందు శక్తి చెడుతుందని, చల్లవద్దని మాస్టారు చెప్పారు.

యేసురత్నం భార్య మరియమ్మ నన్ను బావి పక్కకు పిలిచింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. చేతికి మిరప ఘాటు మంట, కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది.

"టీచరమ్మా, ఒక్కమాట అడుగుతా, ఏమనుకోబాకండి. మాస్టారు దేవుడిలాంటాయన. ఆయన చెబితే మా ఆయన బావిలో దూకమన్నా దూకుతాడు. నాకే గుండెలు దడదడలాడతన్నయ్యి. పక్క చేనోళ్ళు గంధకం చల్లతన్నారు. మా ఇంట్లోనూ రెండు బస్తాలు తెచ్చి పెట్టుకున్నాం. చల్లమంటారా, వద్దంటారా?"

"మాస్టారు చెప్పారుగా" అన్నాను.

"ఆయన చెప్పింది ఇన్నానండీ. మీరు కాలేజీలో మొక్కలకి వేసి చూశారంట. మీ కళ్ళారా చూశారా?"

"చూశాను."

"మందేసిన మొక్కలు బాగున్నయ్యా?"

"బాగున్నాయి."

"ఏసిందీ మీరేనా?"

"నేనే."

ఆమె ఊపిరి తీసుకుంది. "అయితే ఇంకేం భయం లేదండీ. మీరు మాలోంచి వచ్చినోళ్ళు. మాకు అబద్ధం చెప్పరు."

నేను చెప్పిన మూడు మాటల్లోనూ అబద్ధం లేదు. చూశాను. బాగున్నాయి. వేసింది నేనే. ప్రతి మాటా నిజమై, మొత్తం కలిసి అంత పెద్ద అబద్ధం ఎలా అయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. లేదు, ఇదీ అబద్ధమే. అర్థమవుతుంది. అప్పుడే అర్థమైంది. ఆ బస్తాలు చల్లు మరియమ్మా అని ఒక్కమాట చెబితే సరిపోయేది. మాస్టారితో చెప్పకుండా చల్లమని గొంతు తగ్గించి చెప్పినా సరిపోయేది. బావి గట్టు మీద ఇద్దరమే ఉన్నాం. నోరు తెరవలేదు. సాయంత్రం బండి పట్టుకుని నల్లపాడు వచ్చేశాను.

వాళ్ళు ఆ రెండు బస్తాలూ పక్క చేనువాళ్ళకు ఇచ్చేశారని తర్వాత తెలిసింది.

జనవరి మొదట్లో యేసురత్నం దగ్గర నుంచి మాస్టారికి కార్డు వచ్చింది. ఆకు పసుపు తిరిగి రాలుతోందనీ, రోజూ మందు కొడుతున్నాననీ, ఇంకేం చెయ్యమంటారనీ రాశాడు. మాస్టారు ఆ కార్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అప్పటికైనా గంధకం చల్లితే కొత్త ఆకు నిలిచేది. సగం పైరు దక్కేది. ఈ విషయం మా వీధిలో ఎవరికీ తెలియనంతగా నాకు తెలుసు. "ఏం చేద్దామమ్మా?" అన్నారు. మందు శక్తి పెంచి పంపి చూద్దామన్నాను.

బావి దగ్గర నోరు పెగల్లేదని ఎవరైనా సరిపెట్టుకోవచ్చు. ఈ మాట అలాంటిది కాదు. ఆలోచించుకుని, తల ఎత్తి, ఆయన కళ్ళలోకి చూస్తూ అన్నాను. నా లెక్కలో నా అసలు తప్పు ఇదే. ఆదివారాలు చేసింది దీని ముందు చిన్నది.

నెలాఖరున వెళ్ళి చూశాం. అంత చేనులో ఆకు లేదు. ఉత్త పుల్లలు. పుల్లలకు వేలాడుతూ కాయలు. నీడ లేక ఎండకు మాడి తెల్లబడి, తాలు కాయలైపోయాయి. గట్టుకు అవతల పక్క చేను నల్లగా నిగనిగలాడుతోంది. అటు పచ్చన, ఇటు బూడిద. నా నలభై కుండీలను ఎవరో తెచ్చి ఎకరాల మీద పరిచినట్టు ఉంది. మాస్టారు గట్టు మీద కూలబడ్డారు. యేసురత్నం ఆయన పక్కన కూర్చుని, "పోనీండి మాస్టారూ, మీరేం చేస్తారు" అంటూ ఆయన్నే ఓదార్చాడు. మరియమ్మ మా దగ్గరికి రాలేదు. పుల్లల మధ్య వంగి తాలు కాయలు కోస్తూనే ఉంది. తల ఎత్తలేదు. ఎత్తితే నేను ఏమయ్యేదాన్నో.

కౌలు పోయింది. ఆ తర్వాతి ఏడు ప్రకాశం వైపు పత్తి చేలల్లో తెల్లదోమ విపరీతంగా పడింది. మందు కొట్టే మనుషుల కోసం ఊళ్ళు తిరిగేవారు. యేసురత్నం వెళ్ళాడు. ఒక మధ్యాహ్నం గాలికి ఎదురు నిలబడి కొడుతూ చాలులో పడిపోయాడు. బండి మీద వేసుకుని రోడ్డు దాకా తెచ్చారు. అంతే. ఇద్దరు పిల్లలు. పెద్దదానికి ఆరేళ్ళు.

నేను చంపానా? ఆ ఏడు మందు కొట్టినవాళ్ళు ఎందరో పడిపోయారు. యేసురత్నం మిరప పండినా మరో ఏడాది ఎండిపోవచ్చు, మళ్ళీ డబ్బా వీపుకెత్తుకోవచ్చు. ఈ వాదనలన్నీ నాకు కంఠతా వచ్చు. వీటిలో ఒక్కటీ బావి దగ్గర మరియమ్మ ఊపిరి తీసుకున్న ఆ క్షణాన్ని దాటి రాలేదు.

యేసురత్నం పోయాడన్న కబురు తెలిసిన తర్వాతి ఆదివారం జరిగింది మీకు చెప్పాలి. చెప్పడం కష్టంగా ఉంది. ఆరాధన ముగిసే వేళకు దేవదానం మాస్టారు లేచి నిలబడ్డారు. పాస్టరుగారి అనుమతి తీసుకుని ముందుకు నడిచి సంఘం వైపు తిరిగారు. ఒక మనిషిని తన గర్వంతో నాశనం చేశానన్నారు. దేవుడిచ్చిన కొద్దిపాటి జ్ఞానం చూసుకుని పెద్ద వైద్యుణ్ణనుకున్నానన్నారు. యేసురత్నం పేరు చెప్పి, మరియమ్మ పేరు చెప్పి, పిల్లల పేర్లు చెప్పి, తన పాపం క్షమించమని మోకరించారు. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో మా అమ్మ పక్కన కూర్చున్నాను. మా అమ్మ ఏడుస్తోంది. గుడిలో సగం మంది ఏడుస్తున్నారు. నా పాపాన్ని మరొకరు తన పేరు మీద ఒప్పుకుంటుంటే ముసుగు సరిచేసుకుని వింటూ కూర్చున్నాను. లేవడానికి కాళ్ళు రాలేదని చెప్పను. లేవలేదు.

ఆ రోజు నుంచి ఆయన పెట్టె తెరవలేదు. పిల్లలకు జ్వరమని తల్లులు వచ్చి అరుగు మీద కూర్చుంటే, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండమ్మా అని లోపలికి వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకు రావడం మానేశారు. అరుగు ఖాళీ అయిపోయింది. మా అమ్మకు ఆయాసం ఎక్కువైన రోజున నేను వెళ్ళి బతిమాలాను. నా చెయ్యి మంచిది కాదమ్మా అన్నారు.

ఆయన రెండేళ్ళు కూడా బతకలేదు. చివరి రోజుల్లో నేను జావ తీసుకెళ్ళి తాగించేదాన్ని. ఒక పొద్దున, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. నా మొహంలోకి చూసి అడిగారు. "నీ కుండీల్లో పనిచేసింది కదమ్మా. మందు మంచిదే అన్నమాట. మరి నా చేతిలో ఎందుకు చచ్చిపోయింది? నేను చేసిన పాపం ఏమిటో ఎంత వెతికినా కనబడటం లేదు. చిన్నప్పటి నుంచీ చేసినవన్నీ వెతుకుతున్నాను. నీకేమైనా తెలుసా?"

నాకు తెలుసు. ఆయన ఎక్కడెక్కడో, తన చిన్నతనంలో, పెళ్ళాన్ని ఎప్పుడో కసురుకున్న మాటల్లో, బళ్ళో పిల్లాడిని కొట్టిన దెబ్బల్లో వెతుకుతున్నది ఆ మంచం పక్కన గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది. జావ చల్లారిపోతోంది మాస్టారూ అన్నాను. చెంచా నోటికి అందించాను. తాగారు.

చేను పోయింది, మనిషి పోయాడు, అవి ఒక ఎత్తు. ఏ పాపమూ చెయ్యని మనిషిని పాపం కోసం తన బతుకంతా తవ్వుకునేలా చేసి, తవ్వుతుంటే పక్కన కూర్చుని చూడటం, దానికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు.

తర్వాత ముప్ఫై ఏళ్ళు అదే కాలేజీలో పాఠాలు చెప్పాను. ప్రయోగం ఎలా చెయ్యాలో, ఫలితాన్ని ఎలా కాపాడుకోవాలో ఎన్ని వందల మందికి చెప్పానో. మంచి టీచరునన్నారు. రిటైరైన రోజు శాలువా కప్పారు. హెడ్ గారు పెద్ద వయసులో కూడా కర్ర ఊతంతో వచ్చి, నా నిజాయితీ గురించి మాట్లాడారు. ఆ తర్వాత ఆయనకు చెబుదామని ఒకసారి వాళ్ళ గేటు దాకా వెళ్ళాను. మరోసారి పాస్టరుగారి గది ముందు కుర్చీలో కూర్చుని, నా వంతు వచ్చేసరికి మా అమ్మ కోసం ప్రార్థన చెయ్యమని అడిగి వచ్చేశాను.

మరియమ్మ బతికే ఉంది. వినుకొండలో కూతురి దగ్గర ఉంటోందట. ఉత్తరం రాద్దామనుకున్నాను. ఆమెకు చదువు రాదు. ఎవరో చదివి వినిపించాలి. నా తప్పు ఆమె చెవిన మరొకరి గొంతుతో పడటం ఇంకో పిరికితనం. కనుక వెళ్ళాలి. పోయిన ఏడాది వెళ్ళాను కూడా. రైలు దిగి, ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుని, తిరుగు బండికి వచ్చేశాను. మళ్ళీ వెళ్తానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువ ఎంతో మీరిప్పుడే చదివారు.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. క్షమించాల్సినవాళ్ళలో ఇద్దరు లేరు. మూడోమనిషి దగ్గరికి నేను వెళ్ళలేకపోయాను. మీరు ఏమనుకున్నా అనుకోండి. పొద్దున ఏడింటికి కూర్చుంటే ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. కాగితాలు ఇన్ని అయ్యాయి. ఇదే చివరి వాక్యం అనుకుని కలం కింద పెట్టబోతుంటే ఆకలి వేస్తోందని తెలిసింది. ఏళ్ళ తరబడి వేళకు తింటున్నాను గానీ ఇంత ఆకలి ఎప్పుడు వేసిందో జ్ఞాపకం లేదు. పొయ్యి మీద అన్నం ఉంది. లేచి తింటాను.